ఎండకాలం సందేహాలు: దీవుల చెరువు, అడవి పండ్లు, అల్లం తొక్కు

ప్రశ్న: మే నెలలో పిల్లలతో లక్నవరం, రామప్ప ఒకే రోజు చూడాలనుకుంటున్నాం. బొగత కూడా కలుపుకోవచ్చా?
– పాఠకురాలు, హనుమకొండ

జవాబు: బొగతను వదిలేయండి. వాజేడు వైపు వానలు పడి వాగులు పారితేనే అది జలపాతం. మే నెలలో అంత దూరం పోతే చూసేది బండలే. జూలై దాటాక పెట్టుకోండి. మిగతా రెండూ ఒక్క పూటలో అయిపోతాయి, తెల్లవారుజామున కదిలితే.

చాలామంది ముందు లక్నవరం పోయి, అక్కడే తిని, మధ్యాహ్నం రామప్పకు వస్తారు. ఎండకాలంలో దీన్ని తిరగేయాలి. గుడి దగ్గర చెప్పులు విడవాలి, ప్రదక్షిణ చేసేదేమో నీడలేని రాతి అరుగు మీద. పదకొండు దాటితే ఆ రాయి మీద పిల్లలు రెండడుగులు వేయలేరు. ఐదింటికి బయల్దేరి ములుగు దాటి జంగాలపల్లి దగ్గర తిరిగితే ఆరున్నర, ఏడుకల్లా పాలంపేటలో ఉంటారు. గుడిది తూర్పు ముఖం. ఆ వేళ ఎండ ఏటవాలుగా పడి, చూరు కింది నల్లరాతి మదనికల (నాట్యకత్తెల శిల్పాల) మెడలో హారాల పేటలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. మధ్యాహ్నం అవన్నీ చూరు నీడలో కలిసిపోతాయి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కనీసం గంటన్నర దానికి ఇవ్వండి, ఫోటో దిగి వచ్చేసే చోటు కాదది.

ఎనిమిదిన్నరకు బయటపడి మళ్లీ హైవే ఎక్కితే, గోవిందరావుపేట మండలం బుస్సాపూర్ దగ్గర లక్నవరం దారి తగులుతుంది. కాకతీయుల కాలంలో కొండల నడుమ సందులకు చిన్న చిన్న కట్టలు వేసి నీళ్లు ఆపిన చెరువు ఇది. మునగని గుట్టల తలలే దీవులు. దీని కింద యాసంగి పొలాలు పారతాయి కాబట్టి మే వచ్చేసరికి నీళ్లు దిగుతాయి, దీవుల చుట్టూ మట్టి అంచులు తేలుతాయి. నిండు చెరువే చూడాలంటే సెప్టెంబరు, అక్టోబరులో రండి.

బోటు ఎక్కేటప్పుడు పిల్లలకు పిల్లల సైజు లైఫ్ జాకెట్టే అడగండి. పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గదమ దాటి పైకి వస్తే అది పనికిరాదు, నీళ్లలో పడితే బిడ్డ అందులోంచి కిందికి జారిపోతుంది. ఒడ్డున నీళ్లలోకి దింపకండి. అడుగున ఉన్నది గుట్ట వాలు, మోకాలి లోతు దాటిన మరుక్షణం మనిషి లోతు ఉండొచ్చు. పదకొండుకల్లా వెనక్కి తిరగండి.

ప్రశ్న: తాడ్వాయి దారిలో కొన్న తునికి పండ్లు నోరంతా వగరు. ఎలా ఏరుకోవాలి? మొర్రి పండ్లు ఎన్నాళ్లుంటాయి?
– పాఠకుడు, నర్సంపేట

జవాబు: మీకు దొరికినవి దోర కాయలు. పండిన తునికి పసుపుపచ్చగా మారి, తొడిమ దగ్గరి టోపీ వేలితో తిప్పితే ఊడొస్తుంది, పెంకు నొక్కితే పటుక్కున పగులుతుంది. ఆకుపచ్చ చాయ మిగిలితే వగరు తప్పదు. అలాంటివి బియ్యంలోనో గడ్డిలోనో రెండు మూడు రోజులు దాచండి. గుజ్జు చప్పరించి గింజలు ఊసేయాలి. పరగడుపున ఎక్కువ తినొద్దు, ఆ వగరు పదార్థమే కడుపులో గడ్డ కడుతుంది. బీడీ ఆకు ఇచ్చేదీ ఈ చెట్టే. ఏప్రిల్, మే నెలల్లో ఆకు కోతకు పోయినవాళ్లే పండ్లూ తెచ్చి అమ్ముతారు, బేరం ఆడకండి.

మొర్రి పండు ఆ రోజుదే. తోలు పలుచన, సంచిలో వేస్తే ఇంటికి చేరేలోపు నలిగి పులుస్తుంది. దొప్పలోనే తెచ్చుకోండి. గింజలు పారేయకుండా కడిగి, ఎండబెట్టి, పగలగొడితే లోపలున్నది సారపప్పు.

ప్రశ్న: చపాట మిర్చి కారంతో మామిడికాయ అల్లం తొక్కు పెట్టాను. కిలో ముక్కలకు 100 గ్రాముల ఉప్పు, పావుకిలో నూనె. రంగు బాగుంది, కారం లేదు, రెండు నెలలకే బూజు వచ్చింది. పైది తీసేసి వాడొచ్చా?
– పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వాడొద్దు. బూజు పైన కనిపించినంతే ఉండదు, జాడీ మొత్తం పారేయండి.

కారం సంగతి ముందు. 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు పొందిన వరంగల్ చపాట రంగుకు పెట్టింది పేరు, ఘాటు తక్కువ. చాలలేదని ఇంకా కారం పోస్తే తొక్కు పిండిలా గట్టిపడి నూనె తాగేస్తుంది. మూడు పాళ్ల చపాటకు ఒక పాలు ఘాటైన తేజ మిర్చి కలిపి పట్టించండి.

బూజుకు కారణం ఉప్పు, నూనె తగ్గడం, దాని మీద అల్లంలోని తడి. ఆవకాయకన్నా ఈ తొక్కుకు జాగ్రత్త ఎక్కువ కావాల్సింది అందుకే. కిలో ముక్కలకు దంచిన గల్లుప్పు 170 గ్రాములు, కారం 150, అల్లం 100, పొట్టు తీసిన ఎల్లిగడ్డ 100, ఆవపొడి 50, జీలకర్ర పొడి 25, మెంతిపొడి 15, పల్లి నూనె లేదా నువ్వుల నూనె అరకిలో పెట్టుకోండి.

కాయ పుల్లగా, టెంక ముదిరి ఉండాలి. కాయలు కడిగి, పూర్తిగా ఆరాకే కొట్టించండి, కొట్టాక నీటిచుక్క తగలొద్దు. ప్రతి ముక్కకూ టెంక అంటి ఉండాలి, ఊడితే ముక్క మెత్తబడుతుంది. జీడి, దాని కింది పలుచని పొర తీసి పొడిబట్టతో తుడవండి. అల్లం ఎల్లిగడ్డ నీళ్లు పోయకుండా నూరి, కాగిన నూనెలో సన్న మంట మీద చిటపట ఆగేదాకా వేగించి దించండి. చిటపట ఉందంటే తడి ఉన్నట్టే. నూనె పూర్తిగా చల్లారాకే పొడులు, ఉప్పు, ముక్కలు కలపాలి. వేడి మీద వేస్తే కారం నల్లబడుతుంది, మెంతిపొడి చేదెక్కుతుంది. మూడో నాడు తిరగగలిపి రుచి చూడండి. అప్పటికి ఉప్పు కాస్త ఎక్కువే అనిపించాలి, ముక్క పీల్చుకున్నాక సరిపోతుంది. నూనె వేలు మందాన పైకి తేలకపోతే ఇంకొంచెం కాచి, చల్లార్చి పోయండి.

ప్రశ్న: శ్రీరామనవమి పానకం సాయంత్రానికే పులుస్తోంది. ఎందుకు?
– పాఠకుడు, జనగామ

జవాబు: ఎండకు బెల్లం నీళ్లు పులవడం సహజం, అది దాచుకునేది కాదు. లీటరు నీటికి 150 గ్రాముల బెల్లం కరిగించి, ఇసుక పోయేలా బట్టలో వడకట్టి, అర చెంచా మిరియాల పొడి, అంతే శొంఠి, నాలుగు యాలకులు దంచి వేయండి. కొత్త కుండలో పోసి తడిబట్ట చుట్టి, పూజయ్యాక రెండు మూడు గంటల్లో పంచేయండి. వడపప్పుదీ అదే లెక్క.

ప్రశ్న: కరీంనగర్ నుంచి కొండగట్టుకు చెప్పుల్లేకుండా నడుస్తాం. చిన్న హనుమాన్ జయంతికి పోవాలా, పెద్ద జయంతికా? నాన్నకు షుగర్ ఉంది.
– పాఠకుడు, పెద్దపల్లి

జవాబు: చిన్న జయంతి చైత్ర పౌర్ణమికి, పెద్ద జయంతి వైశాఖ బహుళ దశమికి. మాల వేసుకుంటే గురుస్వామి చెప్పిన రోజే. మొక్కు మాత్రమే అయితే చిన్న జయంతికి పోండి, ఎండ కొంత నయం. దారి 35 కిలోమీటర్ల పైనే. తారు రోడ్డు పొద్దు గూకాక కూడా రెండు గంటలు వేడిగానే ఉంటుంది, రాత్రి ఎనిమిది తర్వాత బయల్దేరి, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడి పక్కన నడవండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు లేకపోతే లీటరు నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలుపుకోండి. మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే నీళ్లు తాగించే ప్రయత్నం చేయకుండా, నీడకు చేర్చి ఒంటి మీద నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయండి.

నాన్నగారిని మాత్రం ఉత్త కాళ్లతో నడిపించొద్దు. షుగర్ వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గితే బొబ్బ లేచిన సంగతి మరునాటిదాకా తెలియదు, ఆ పుండు మానడం కష్టం. ఆయన బస్సులో వచ్చి మిమ్మల్ని గుట్ట మీద కలుస్తారు, మొక్కు మీది కూడా కదా.

ప్రశ్న: ఒలిచిన తాటి ముంజలు ఎన్ని రోజులుంటాయి?
– పాఠకురాలు, భూపాలపల్లి

జవాబు: ఫ్రిజ్‌లో పెట్టినా మరునాటికి జిగురెక్కుతాయి. గెలగా తెచ్చి నీడలో పెడితే రెండు రోజులు ఆగుతాయి, తినేముందు కొట్టించుకోండి. బొటనవేలితో నొక్కితే లోపల నీళ్లు కదలాలి. గట్టిగా ఉన్నవి పిల్లలకు పెట్టకండి, కడుపునొప్పి వస్తుంది.