చెస్టర్ ఆశ వదులుకో, నాన్నా: మొదటిసారి కాలువ పడవ ఎక్కేముందు

నాన్నా,

నువ్వు పంపిన ప్రయాణ పట్టిక నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. జూన్‌లో సోమవారం మధ్యాహ్నం వేల్స్‌లోని ట్రెవర్‌లో పడవ తీసుకుని, శుక్రవారం ఉదయం అప్పగించేలోగా లాంగోలెన్, ఎల్స్‌మియర్, చెస్టర్ మూడూ చూడాలని రాశావు. ముందుగా చెస్టర్ కొట్టెయ్యి. రోడ్డు మీద అది దగ్గరే కావచ్చు, కాలువకు ఆ లెక్క పనికిరాదు. లాంగోలెన్ కాలువను చివరిదాకా దిగి, దారిలో 21 లాకులు, అంటే పడవను పైకి ఎత్తే, కిందికి దించే తలుపుల నీటి గదులు, దాటి, హర్ల్‌స్టన్ దగ్గర ష్రాప్‌షైర్ యూనియన్ కాలువలో కలిసి, అక్కడినుంచి మళ్లీ ఉత్తరానికి పోవాలి. నాలుగు రోజుల్లో వెళ్లి రావడం కుదిరే పని కాదు. కుదురుతుందని బయలుదేరితే ఆ నాలుగు రోజులూ మీ అమ్మానాన్నలకు పరుగే మిగులుతుంది.

కాలువ మీద వేగ పరిమితి గంటకు 4 మైళ్లు. ఆచరణలో 3 మైళ్లు పోతే గొప్ప. గట్టుకు కట్టిన పడవల పక్కనుంచి పోయేటప్పుడు ఇంకా తగ్గించాలి, లేకపోతే నీ అల వాళ్ల మేకులను పీకేస్తుంది, వాళ్ల పొయ్యి మీది గిన్నె ఒలుకుతుంది. ఇక్కడి పాత పడవవాళ్ల లెక్క ఒకటి నేర్చుకో. ఎన్ని మైళ్లో దానికి ఎన్ని లాకులో కలిపి, మూడుతో భాగించు. వచ్చినన్ని గంటలు పడుతుంది. ఆ పైన నీళ్లు పట్టుకోవడానికి, భోజనానికి, పిల్లలు బాతుల దగ్గర ఆగిపోవడానికి ఇంకో రెండు గంటలు వేసుకో.

ఈ లెక్క ప్రకారం నేను చెప్పే దారి ఇది. సోమవారం అక్విడక్టు, అంటే లోయ మీదుగా కాలువను దాటించే వంతెన, దాటి చర్క్ వైపు వెళ్లి, వెలుతురు ఉండగానే పడవ కట్టెయ్యండి. మంగళవారం ఎల్స్‌మియర్ చేరండి. బుధవారం పొద్దున అక్కడి సరస్సు గట్టున కూర్చుని, మధ్యాహ్నం పడవ తిప్పుకుని వెనక్కి బయలుదేరండి. గురువారం రాత్రికి ట్రెవర్ దగ్గరికి వచ్చేయాలి. వచ్చేటప్పుడు ఎక్కువ సమయం పడుతుందని గుర్తుంచుకో. ఇక్కడి చాలా కాలువల్లా కాక ఈ కాలువలో నీళ్లు ప్రవహిస్తాయి. లాంగోలెన్ పైన డీ నది నుంచి తీసిన నీరు ఎల్స్‌మియర్ మీదుగా హర్ల్‌స్టన్ జలాశయానికి పోతుంది. వెళ్లేటప్పుడు అది నిన్ను తోస్తుంది, వచ్చేటప్పుడు ఆపుతుంది. సొరంగంలో, అక్విడక్టు మీద ఆ తేడా బాగా తెలుస్తుంది. లాంగోలెన్‌కు శుక్రవారం పడవ అప్పగించాక కారులో వెళ్లండి. అక్కడ గుర్రం లాగే పడవ ఉంది, పిల్లలకు చూపించు. కాలువ పక్కన ఆ బాట ఎందుకు వేశారో ఎవరూ చెప్పకుండానే వాళ్లకు తెలుస్తుంది.

పడవ వెడల్పు ఏడడుగులలోపే, పొడవు మాత్రం బస్సుకన్నా ఎక్కువ. దానికి బ్రేకులు లేవు. ఆగాలంటే రివర్స్ గేరు వేసి ఓపిక పట్టాలి. చుక్కాని పిడిని కుడికి నెడితే పడవ ముక్కు ఎడమకు పోతుంది. కారు నడిపే నీ చేతికి ఇది అలవాటు కావడానికి ఒక గంట పడుతుంది, ఆ గంట ఎవరితోనూ మాట్లాడకు. ఇంకో సంగతి, ముక్కు తిరిగితే సరిపోదు. పడవ నడుము దగ్గర తిరుగుతుంది కాబట్టి వెనుక భాగం రెండో వైపుకు విసురుగా వెళ్లి గట్టుకు తగులుతుంది. రివర్స్‌లో చుక్కాని మాట వినదు. ఎదురుగా పడవ వస్తే నువ్వు కుడివైపు ఒదిగి పో, ఇక్కడి రోడ్డులా ఎడమకు కాదు. గుద్దుకుంటుందని అనిపిస్తే గుద్దుకోనీ, ఆ ఇనుము తట్టుకుంటుంది. చేతులతో, కాళ్లతో, కర్రతో ఆపబోవద్దు. అన్ని టన్నుల బరువుకూ రాతి గోడకూ మధ్య కాలు పెడితే అది మిగలదు. ఈ మాట పిల్లలకు మొదటిరోజే చెప్పు, మళ్లీ రోజూ చెప్పు.

ఇప్పుడు లాకుల సంగతి. ధవళేశ్వరం లాకుల పక్కన పెరిగిన మీ నాన్నగారికి లాకు అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. ఆర్థర్ కాటన్ మన గోదావరి కాలువలకు లాకులు కట్టించారు, ఆ మాట కూడా మనకు ఇంగ్లీషు నుంచే దక్కింది. అయితే అక్కడ లాకు తీయడానికి మనిషి ఉండేవాడు. ఇక్కడ మీరే తీసుకోవాలి, మీరే మూసుకోవాలి. చర్క్ దాటాక న్యూ మార్టన్ దగ్గర రెండు లాకులున్నాయి. ఎల్స్‌మియర్ దాకా మీకు వచ్చేవి ఆ రెండే, అందుకే మొదటిసారికి ఈ దారి మంచిదంటున్నాను. ఎల్స్‌మియర్ వైపు పోతే రెండింటిలోనూ మీరు కిందికి దిగుతారు. ప్రమాదం ఉన్నది దిగడంలోనే.

పై తలుపు కింద, నీళ్లలో కనిపించకుండా ఒక గడప ఉంటుంది. ఇక్కడ సిల్ అంటారు. లాకు నిండుగా ఉన్నప్పుడు అది లోతున ఉంటుంది. కింది ప్యాడిళ్లు, అంటే నీళ్లు వదిలే తూము పలకలు, ఎత్తగానే నీటిమట్టం దిగిపోతుంది. ఆ సమయంలో పడవ వెనుక భాగం గడప మీద ఉండిపోతే, ముందు భాగం నీళ్లతో పాటు దిగి, వెనుక భాగం గాలిలో వేలాడుతుంది. పడవలు మునిగిపోయింది, మనుషులు పోయింది ఇలాగే. లాకు గోడ మీద గడప ఎంతవరకుందో తెల్లటి గీత ఉంటుంది. చుక్కాని దగ్గరున్నవాడు ఆ గీతకు ముందే ఉండాలి, నీళ్లు పూర్తిగా దిగేవరకు దాని మీదినుంచి చూపు తిప్పకూడదు.

ఇది ఎవరి దగ్గరో విన్న మాట కాదు. మా మూడో ప్రయాణంలో మీ పెదనాన్న చుక్కాని దగ్గర ఉన్నారు. గట్టు మీద ఎవరో పలకరిస్తే అటు తిరిగారు. ఆ కాస్తలో పడవ వెనక్కి జరిగింది. నేను ప్యాడిల్ దగ్గర నిలబడి, వంటగదిలో పళ్లేలు జారి పగులుతున్న చప్పుడు విన్నాను. చూస్తే పడవ ముక్కు కిందికి వంగి ఉంది. నేను ముందు కింది ప్యాడిళ్లు దింపేశాను. తర్వాత పై ప్యాడిల్‌ను కొంచెం కొంచెంగా ఎత్తి నీళ్లు మళ్లీ నింపాను. పడవ తేలింది. ఆ రాత్రి మేమిద్దరం అన్నం తినలేదు. నువ్వు నేర్చుకోవలసిన వరుస అదే: ముందు కింది ప్యాడిళ్లు మూయడం, తర్వాత పైనుంచి నెమ్మదిగా నింపడం. ప్యాడిళ్ల దగ్గర నిలబడే మనిషి కళ్లు ఎప్పుడూ పడవ మీదే ఉండాలి. ఆ పని నీ భార్యకు అప్పగించు. ఆమెకు కంగారు తక్కువ.

ప్యాడిల్ ఎత్తేది విండ్‌లాస్ అనే ఇనుప పిడితో. పని అయ్యాక దాన్ని ఇరుసు మీద వదిలేయకూడదు. పళ్లచక్రం జారితే అది గిర్రున తిరిగి ముఖానికి తగులుతుంది. చీర కొంగు, చున్నీ ఆ పళ్లచక్రాల దగ్గరికి రాకూడదు, మీ అమ్మకు ముందే చెప్పి ప్యాంటు వేయించు, నా మాటగా చెప్పు. రెండు వైపులా నీళ్లు సమం కాకుండా తలుపు కదలదు, అందరూ కలిసి తోసినా కదలదు. సమం కాగానే నడుము ఆనించి తోస్తే చాలు. వెళ్లేటప్పుడు తలుపులు మూసి, ప్యాడిళ్లన్నీ దింపి మరీ వెళ్లండి.

పాంట్‌కసిల్తె అక్విడక్టు గురించి మీ అమ్మ భయపడుతోందని రాశావు. భయపడవలసిందే, అంత ఎత్తు. 1805లో థామస్ టెల్ఫర్డ్, విలియం జెస్సప్ కలిసి పూర్తి చేశారు. 1,007 అడుగుల పొడవున ఇనుప తొట్టిలో కాలువ, కింద 126 అడుగుల లోతున డీ నది. ఒక వైపు నడక బాట, కటకటాలు ఉన్నాయి, రెండో వైపు తొట్టి అంచు తప్ప ఏమీ లేదు. పడవ తొట్టి దాటి పోదు, మనుషులు మాత్రం పడగలరు. పిల్లలకు లైఫ్ జాకెట్లు వేసి, ముందు గదిలో కూర్చోబెట్టి, ఒక పెద్దవాళ్లు చేయి పట్టుకుని ఉండాలి. మీ అమ్మ కావాలంటే బాట మీద నడిచి రావచ్చు, పడవ కూడా ఆ వేగానికే పోతుంది.

ఆ తర్వాత దారిలో వచ్చే చర్క్ సొరంగంలో ఒక పడవకే చోటు. లోపల దీపం కనిపిస్తే బయటే ఆగు. కనిపించకపోతే నీ దీపం వేసుకుని వెళ్లు. దాన్ని దాటగానే 1801లో కట్టిన చర్క్ అక్విడక్టు, దాని మీద వేల్స్ అయిపోయి ఇంగ్లండ్ వస్తుంది.

రోజూ పొద్దున ఇంజను నూనె చూడు. సాయంత్రం కట్టాక ప్రొపెల్లర్ ఇరుసుకు గ్రీజు వెళ్లే పిడిని కొద్దిగా తిప్పు. పడవ ఇచ్చేవాళ్లు ఇవన్నీ చూపిస్తారు, ఫోనులో వీడియో తీసుకో. ప్రొపెల్లర్‌కు గుడ్డో ప్లాస్టిక్ సంచో చుట్టుకుంటే పడవ బరువుగా నడుస్తుంది. అప్పుడు ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, వెనుక ఉన్న మూత తీసి చేత్తో తీసేయాలి. మూత మళ్లీ గట్టిగా బిగించాకే ఇంజను వెయ్యి, లేకపోతే నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. కాలువ నీళ్లు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగకుండా అన్నం ముట్టనివ్వకు. ఎవరైనా నీళ్లలో పడితే మొదట గేరు న్యూట్రల్‌కు తేవాలి. వాళ్లవైపు రివర్స్ చేయవద్దు. కాలువ చాలా చోట్ల నిలబడేంత లోతే, ప్రొపెల్లరే ప్రమాదం.

వంటకు గ్యాసు పొయ్యి ఉంటుంది కాబట్టి ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లండి. కరెంటు రైస్ కుక్కరు, మిక్సీ వద్దు, బ్యాటరీ లాగేస్తాయి. కందిపొడి, గోంగూర పచ్చడి, పులిహోర పులుసు ఇంట్లోనే చేసి సీసాల్లో పెట్టుకోండి. చలి వేస్తోందని గాలి కంతలకు గుడ్డలు కుక్కవద్దు. గ్యాసు వెలిగే చోట అవి ప్రాణం కాపాడేవి. సింకులో పోసినవి నేరుగా కాలువలోకి పోతాయి, అందుకని వేయించిన నూనె సీసాలో పోసి చెత్తలో వెయ్యి. నీళ్ల ట్యాంకు రోజూ నింపుకో, ఎంతసేపు పట్టినా. సూట్‌కేసులు వద్దు, పెట్టడానికి చోటుండదు, మడిచే సంచులు తెచ్చుకోండి. రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా ఇంజను వేయకూడదు, పక్క పడవల్లో మనుషులు నిద్రపోతుంటారు.

మలుపుల్లో, వంతెన కింద, లాకు ముందు పడవ కట్టకు. తాడు బాటకు అడ్డంగా రాకూడదు, చీకట్లో సైకిలు మీద వచ్చేవాడికి కనిపించదు.

మీ నాన్నగారికి చుక్కాని ఇవ్వాలా వద్దా అని అడిగావు. ఇవ్వు. అక్విడక్టు మీదా కాదు, లాకుల్లోనూ కాదు. మంగళవారం న్యూ మార్టన్ రెండో లాకు దాటాక, ఎల్స్‌మియర్ దాకా మళ్లీ లాకు లేదు. రెండు వైపులా పచ్చిక బయళ్లు, ఆవులు. అక్కడ ఇచ్చి నువ్వు పక్కన నిలబడు. పడవ కాస్త వంకరగా పోయినా వెంటనే పిడి లాక్కోకు. ఆయన సరిచేసుకుంటారు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ