ప్రమిదలాంటి ఎర్ర పుట్టగొడుగు

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. మార్చిలో వాగు పక్కన అడవిలో, ఎండుటాకుల మధ్య ప్రమిదల్లాంటి ఎర్ర పుట్టగొడుగులు కనిపించాయి. నేలలోంచే మొలిచినట్టున్నాయి. ఏమిటివి? తినొచ్చా?

జవాబు: ముందు ఆకులు పక్కకు నెట్టి అడుగున చూడండి. పొట్టి కాడ, దాని మొదట్లో నాచు పట్టిన పుల్ల తగిలితే అది చాలావరకు స్కార్లెట్ ఎల్ఫ్ కప్ అనే పుట్టగొడుగే. పుల్ల కనబడకే చాలామంది నేలమీదిదనుకుని పొరబడతారు. నిజంగా మట్టిలోంచే వచ్చి, నారింజ రంగులో ఉంటే అది ఆరెంజ్ పీల్ అనే మరో పుట్టగొడుగు కావచ్చు. కానీ దాని కాలం ఎక్కువగా శరదృతువు.

ఎల్ఫ్ కప్ సాధారణంగా 2–5 సెం.మీ. వెడల్పుంటుంది. లోపల నున్నగా ఎర్రగా, బయట పాలిపోయి సన్నని నూగుతో ఉంటుంది.

అసలు చిక్కు జాతి దగ్గరే. ఇంగ్లండ్‌లో సార్కోసిఫా ఆస్ట్రియాకా, సార్కోసిఫా కాక్సీనియా అనే రెండు ఎల్ఫ్ కప్ జాతులూ ఉన్నాయి. ఫొటో చూసి తేల్చలేం. తాజా కప్పు బయటి నూగు కాస్త గీకి, నీటిచుక్కలో పెట్టి, మైక్రోస్కోప్‌లో 400 రెట్లకు చూడండి. వెంట్రుకలు స్ప్రింగులా మెలితిరిగి ఉంటే ఆస్ట్రియాకా, దాదాపు తిన్నగా ఉంటే కాక్సీనియా. ఒక్క వెంట్రుక చూసి తీర్పు చెప్పకండి, పది చూడండి.

తినడం సంగతంటారా, ఉత్తరం చదివి మేం ఊ అనం. వండకండి.