సెంటెన్స్ రీఅరేంజ్‌మెంట్ నాకు అర్థమైంది ఏడు చేపల కథతో

"ఎన్ని మాక్ టెస్టులు రాసినా సెంటెన్స్ రీఅరేంజ్‌మెంట్‌లో తప్పులే వస్తున్నాయి. తెలుగు మీడియం వాళ్ళం. ఏదైనా ట్రిక్ చెప్పండి" అని కొందరు అడిగారు. కలిపేసి ఇచ్చిన ఇంగ్లిష్ వాక్యాలను సరైన వరుసలో పేర్చమనే ప్రశ్నలివి.

నేనూ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. నల్గొండ జిల్లాలో ఒక పల్లెటూరి జెడ్పీ హైస్కూల్. ఆ తర్వాత బ్యాంకు పరీక్షల కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్లో రెండేళ్ళు ఉన్నాను. మొదటి ఏడాది నన్ను ముంచింది ఈ ప్రశ్నలే. రెండో ఏడాది ఇంగ్లిష్ సెక్షన్‌లో వీటినే ముందు చేసేవాణ్ణి. ఆ మధ్యలో ఏం జరిగిందో చెబితే మీకు ట్రిక్ అక్కర్లేదు.

మొదట్లో నేను చేరిన కోచింగ్‌లో ఒక జిరాక్స్ కాగితం ఇచ్చారు. నిండా రూల్సే. 'హవెవర్'తో మొదలయ్యే వాక్యం మొదట రాదు, 'హి', 'షి' ఉన్నది మొదట రాదు, 'ద'తో మొదలయ్యేది మొదట రాదు. బట్టీ పట్టేశాను. ఆ ఏడాది ప్రిలిమ్స్‌లో, అంటే మొదటి దశ పరీక్షలో, వానాకాలం మీద ఒక సెట్ వచ్చింది. ఐదు వాక్యాలు, వాటి మీద ఐదు ప్రశ్నలు. మొదట ఏది, రెండోది ఏది, చివర ఏది అని అడుగుతారు కదా, అలా. అసలు మొదటి వాక్యం 'ద ఇండియన్ మాన్సూన్' అని మొదలైంది. 'ద' ఉంది కాబట్టి దాన్ని పక్కకు నెట్టాను. మొదటిది తప్పితే మిగతావన్నీ ఒక మెట్టు జారతాయి. ఐదూ పోయాయి, పైగా తప్పుకు పావు మార్కు చొప్పున ఒకటింపావు కోత. ఇంగ్లిష్ సెక్షన్ కట్ ఆఫ్ అక్కడే తప్పింది.

ఆ రూల్ ఎంత తప్పో చూడండి. చార్మినార్, సూర్యుడు, వానాకాలం ఇవి లోకానికంతా తెలిసినవి. వాటి ముందు 'ద' మొదటి వాక్యంలోనే వస్తుంది. డబ్బు కట్టి నేర్చుకున్న రూల్ ఇది. ఇప్పటికీ అదే కాగితం అశోక్‌నగర్ జిరాక్స్ షాపుల్లో తిరుగుతూనే ఉంటుందని నా నమ్మకం. పిల్లల ఏడాది పోతుందండీ ఒక్క తప్పు రూల్‌తో.

తర్వాత పాత ఇంగ్లిష్ పేపర్లు తెచ్చుకుని, ఎడిటోరియల్‌లో ఒక పేరా తీసి, వాక్యానికో చీటీగా కత్తిరించి, కలిపేసి, మళ్ళీ పేర్చడం మొదలుపెట్టాను. ముగ్గురం ఉండే రూమ్‌లో చోటు లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మెస్ హాల్లో బల్లలు తుడిచేవరకూ ఆగి, కింద బండల మీద పరుచుకునేవాణ్ణి. ఫ్యాన్ వేస్తే చీటీలు ఎగిరిపోతాయి, వేయకపోతే మే నెల ఎండ. ఫ్యాన్ ఆపేసే చేసేవాణ్ణి.

మెస్‌లో వండే అక్కకు ఒక కూతురు, ఆరేళ్ళది. ఎండాకాలం సెలవులు కాబట్టి అక్కడే ఆడుకునేది. ఒకరోజు వచ్చి చీటీల మధ్యలో కూర్చుని కథ చెప్పమంది. ఏడు చేపల కథ మొదలుపెట్టాను. కళ్ళు మాత్రం చీటీల మీదే ఉన్నాయి. "చేపా చేపా ఎందుకు ఎండలేదు అంటే, ఆవు మేయలేదు అంది" అనేశాను.

ఆ పిల్లకు కోపం వచ్చింది. "తప్పు చెప్తున్నవ్ అన్నా! గడ్డిమోపు ఏది? గడ్డిమోపును అడగకుండ ఆవు ఎట్లొస్తది?"

సరే అని ఆ కథనే చీటీల మీద రాశాను. దానికి ఇంకా కూడబలుక్కుని చదవడమే వచ్చు. అందుకని చీటీలు కలిపేసి నేను చదివి వినిపిస్తుంటే, అది వేలితో చూపిస్తూ పేర్చింది. రాజు, కొడుకులు, చేపలు, గడ్డిమోపు, ఆవు, జీతగాడు, అవ్వ, ఏడ్చే పిల్ల, చీమ. ఒక్కటీ తప్పలేదు. కథ తెలుసు కాబట్టి పేర్చింది అంటారేమో. కథ రానివాళ్ళు కూడా పేర్చగలరు, మీ ఇంట్లో ప్రయత్నించండి. ప్రతి జవాబులో ఒక కొత్త పేరు వస్తుంది, తర్వాతి ప్రశ్న ఆ పేరునే పట్టుకుని లేస్తుంది. "గడ్డిమోపు అడ్డమొచ్చింది" అన్నాకే "గడ్డిమోపూ గడ్డిమోపూ" అనగలం.

ఇక మొదటి రెండు వాక్యాలు చూడండి. "అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు." ముందు 'ఒక', తర్వాత 'ఆ'. ఇంగ్లిష్‌లో 'ఎ', 'ద' చేసేది ఎక్కువగా ఇదే పని. తెలుగులో ఆర్టికల్స్ లేవు, అందుకే మనకు కష్టం అని బళ్ళో చెప్పారు. ఆర్టికల్స్ లేకపోవచ్చు, కానీ కొత్తదాన్ని 'ఒక' అని పరిచయం చేసి, తర్వాత 'ఆ' అని పిలవడం మనకు ఉగ్గుపాలతో వచ్చింది.

ఆ రోజు నుంచి ప్రతి వాక్యంలో రెండే వెతికాను. ఇది కొత్తగా ఏం తెచ్చింది, ముందే వచ్చినట్టు దేన్ని పిలుస్తోంది. మన హైదరాబాద్ సంగతే తీసుకుని ఒకటి తెలుగులో చేసి చూపిస్తాను.

ఎ. వాటిలో మొదటిది ఉస్మాన్‌సాగర్, 1920లో పూర్తయింది.
బి. ఆ విపత్తు తర్వాత నిజాం ప్రభుత్వం ఒక పేరున్న ఇంజినీరును పిలిపించింది.
సి. 1908 సెప్టెంబరులో మూసీకి భయంకరమైన వరద వచ్చింది.
డి. ఆయన సలహా మీద నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టారు.

'వాటిలో' అన్న మాటకు 'రెండు జలాశయాలు' కావాలి, కాబట్టి డి వెనకే ఎ. 'ఆయన'కు ఇంజినీరు కావాలి, కాబట్టి బి వెనకే డి. 'ఆ విపత్తు'కు వరద కావాలి. సి, బి, డి, ఎ. ఆ ఇంజినీరు విశ్వేశ్వరయ్య అనీ, ఉస్మాన్‌సాగర్ అంటే మన గండిపేట అనీ తెలియకపోయినా జవాబు వస్తుంది. ఇంగ్లిష్‌లో వస్తే 'దెమ్', 'హిజ్', 'దిస్ డిజాస్టర్' అని కనబడతాయి, అంతే తేడా. మొదటి వాక్యం ఏదని నేను వెతకనేలేదు, గమనించారా? జోడీలు కట్టాక ఎవరినీ వెనక్కి తిరిగి పిలవని వాక్యం ఒకటి మిగులుతుంది. అదే మొదటిది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్ఎస్‌సీ పరీక్షల్లో అయితే ఇంకా సులువు. వాటిలో డిగ్రీవాళ్ళు రాసే సీజీఎల్ మొదటి దశ (టియర్ వన్)లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, ఒక్కోటి రెండు మార్కులు, తప్పుకు అర మార్కు కోత. నాలుగు ఆప్షన్లు ఎదురుగా ఉంటాయి. ఒక్క జోడీ గట్టిగా దొరికితే చాలు, చాలాసార్లు రెండు మూడు ఆప్షన్లు అక్కడే ఎగిరిపోతాయి. బ్యాంకు సెట్‌లో ఆ వీలు తక్కువ. బ్యాంకు ఆఫీసర్ల పరీక్ష ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ 30 ప్రశ్నలకు 20 నిమిషాలే. కనీసం రెండు జోడీలు దొరక్కపోతే సెట్ మొత్తం వదిలేయండి. సగం నమ్మకంతో ఐదు గుర్తులు పెట్టకండి.

ఇంకో మాట తప్పకుండా చెప్పాలి. "ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలి" అని అందరూ సలహా ఇస్తారు. ఇరవై ఏళ్ళు తెలుగులో పెరిగిన మనిషి పరీక్షకు ఆరు నెలల ముందు ఇంగ్లిష్‌లో ఆలోచించడం ఎలా మొదలుపెడతాడు? అనవసరమైన టెన్షన్. తెలుగులోనే ఆలోచించండి, వరుస మారదు. కానీ ఒక జాగ్రత్త. మనం తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు 'ఇట్', 'దే' లాంటివి మింగేస్తాం. 'ఇట్ వాజ్ కంప్లీటెడ్' అంటే మనసులో 'పూర్తయింది' అనుకుని ముందుకు పోతాం. పట్టుకోవాల్సిన కొస అక్కడే పోతుంది. ఎబ్బెట్టుగా ఉన్నా సరే 'అది పూర్తయింది', 'వాళ్ళు చెప్పారు', 'అలాంటి నిర్ణయం' అని పూర్తిగా అనుకోండి. నా తప్పుల్లో సగం ఈ ఒక్క అలవాటుతో తగ్గాయి.

బళ్ళో మాకు ఇంగ్లిష్ పాఠాన్ని ఒక్కో వాక్యం విడిగా తెలుగులో చెప్పేవారు. ఒక వాక్యానికి పక్క వాక్యంతో ఏం సంబంధమో పదేళ్ళలో ఎవరూ అడగలేదు. పరీక్షలో మాత్రం అదే అడుగుతారు. "ఐదు సెకన్లలో జవాబు" అనే వీడియోలు కూడా ఆ లోటును పూడ్చవు. వాళ్ళు చూపించేది తమ ట్రిక్‌కు సరిపోయే ప్రశ్నలనే.

డబ్బు ఖర్చు అక్కర్లేదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళండి, ఇంగ్లిష్ పేపర్లు అక్కడే చదవొచ్చు. ఒక పేరాను వాక్యానికో చీటీగా రాసుకుని హాస్టల్‌కు తెచ్చుకోండి, సాయంత్రానికి వరుస మర్చిపోతారు, అప్పుడు పేర్చండి. రోజుకు రెండు పేరాలు, రెండు నెలలు. మీరు తప్పు చేసిన సెట్ ఏదైనా ఉంటే ఏ రెండు వాక్యాలను జోడీ అనుకున్నారో కూడా రాసి కింద పెట్టండి. సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చాక చూసి చెబుతాను.