గ్రాఫిక్స్ కార్డు మార్చాక కంప్యూటర్ ఆన్ కావట్లేదు, కేసు వేయొచ్చా?

సందేహం: లాయర్ గారూ, నేను ఇంట్లోనే వీడియో ఎడిటింగ్ చేసుకుని బతుకుతున్నాను. పని వేగంగా అవుతుందని అప్పు చేసి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. నా పాత పవర్ సప్లై 450 వాట్లది. అది సరిపోతుందా అని వాట్సాప్‌లో దాని లేబుల్ ఫొటో పెట్టి అడిగితే దుకాణం వాళ్లు సరిపోతుందన్నారు. వాళ్ల కుర్రాడే ఇంటికొచ్చి బిగించాడు, బిగింపు చార్జీ తన ఫోన్‌కే యూపీఐ చేయించుకున్నాడు. ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగాయి గానీ తెర మీద ఏమీ రాలేదు. రేపొచ్చి చూస్తానని వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఆ రాత్రే లోపల ఒక చిన్న తెల్ల లైటు ఆరకుండా వెలుగుతుంటే ఫొటో తీసి అతనికి పంపాను. మూడు రోజులు చూసి నా స్నేహితుడు తన పవర్ సప్లై తెచ్చి మార్చాడు, దానికి తీగ ఒకటి తక్కువైతే ఇంకో సప్లై తీగ తగిలించాడు. ఈసారి ఫ్యాన్లు కూడా తిరగలేదు. అన్నీ తీసేసి పాత సప్లై, పాత కార్డు పెడితే కంప్యూటర్ మామూలుగానే ఆన్ అవుతోంది. దుకాణం వాళ్లు ఇన్నాళ్లూ వచ్చే వారం, వచ్చే నెల అన్నారు. ఇప్పుడేమో మేమెవర్నీ పంపలేదు, మీరే కాల్చుకున్నారు అంటున్నారు. 21 నెలలైంది. చేతికొచ్చిన పనులు పోయాయి, ఇంట్లో మాట పడుతున్నాను, నిద్ర పట్టడం లేదు. పెట్టె మీద మూడేళ్ల వారంటీ ఉంది కాబట్టి ఇంకా టైముందనే అనుకుంటున్నాను. అదే మోడల్ ఆన్‌లైన్‌లో తెప్పించి, ఆ పెట్టెలో ఈ పాడైన కార్డు పెట్టి రిటర్న్ ఇచ్చేయమని ఒకాయన చెబుతున్నారు. కార్డులో లోపం ఉందని నేను నిరూపించగలనా? ఫొటో, చాట్ జత చేశాను.

జవాబు: అప్పు గురించీ నిద్ర గురించీ మీరు రాసింది పక్కన పెడుతున్నాను. కేసు దాని మీద నిలబడదు. మీరడిగిన ప్రశ్న కూడా తప్పు ప్రశ్నే. కార్డులో లోపం ఉందని మీరు నిరూపించాల్సిన అవసరం లేదు. ఆ దారిలో వెళితే ఓడిపోతారు కూడా, ఎందుకంటే మీ స్నేహితుడు వేరే సప్లై తీగ తగిలించిన క్షణం నుంచి ఆ కార్డు ఎప్పుడు, ఎవరి చేతిలో పోయిందో ఎవరూ తేల్చి చెప్పలేరు.

తేలాల్సింది ఒక్కటే: ఆ కుర్రాడు మీ ఇంటి గడప దాటేటప్పటికి ఆ కంప్యూటర్ ఏ స్థితిలో ఉంది?

దానికి సమాధానం మీరు పంపిన ఫొటోలోనే ఉంది, మీరు గమనించలేదు. మీ దృష్టంతా తెల్ల లైటు మీద ఉంది. చాలా మదర్‌బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్ (మెమరీ), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. వీజీఏ దగ్గర లైటు ఆరకుండా ఉండిపోయిందంటే, బోర్డు మొదలయ్యే తనిఖీ గ్రాఫిక్స్ దగ్గర ఆగిపోయిందని అర్థం. అంతవరకే. కార్డు చెడిపోయినా అదే లైటు, సరిగా కూర్చోకపోయినా అదే లైటు. ఇప్పుడు ఫొటోని పెద్దది చేసి కార్డు పైఅంచు చూడండి. ఎనిమిది పిన్నుల పవర్ సాకెట్లు పక్కపక్కన రెండున్నాయి. ఒకదానికి నల్ల తీగ దిగింది. రెండోది ఖాళీ. లోపలి పిన్నులు కూడా కనిపిస్తున్నాయి. మదర్‌బోర్డు మీద కార్డు కూర్చునే స్లాటు నుంచి దానికి అందేది 75 వాట్ల దాకా, ఒక్కో ఎనిమిది పిన్నుల సాకెట్ నుంచి 150 వాట్ల దాకా. రెండు సాకెట్లున్న కార్డుకి రెండూ పెట్టాల్సిందే, ఒకటి వదిలేస్తే చాలా కార్డులు తెర మీద బొమ్మే ఇవ్వవు. మీ 450 వాట్ల సప్లైకి గ్రాఫిక్స్ కార్డు తీగ ఒక్కటే ఉండి ఉంటుంది, అతను ఉన్నదాంతో సరిపెట్టి చేతులు దులుపుకున్నాడు. స్నేహితుడు ముట్టుకోవడానికి మూడు రోజుల ముందే ఈ ఫొటో అతని ఫోన్‌కి చేరింది. మీ చేతిలో ఇంతకంటే బలమైన కాగితం ఇంకొకటి లేదు.

అందుకని మీది వస్తువు లోపం కేసుగా కాదు, సేవా లోపం కేసుగా వేయాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ఈ రెండూ వేర్వేరు. లోపం ఉన్న వస్తువు అంటే పరీక్ష కావాలి, సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్ దాన్ని సీలు వేసి ల్యాబ్‌కి పంపాలి, ఖర్చు ముందు మీరే కట్టాలి, తీరా రిపోర్టులో 'పవర్ దగ్గర కాలింది' అని వస్తే అక్కడితో సరి. సేవా లోపానికి ఆ బాధ లేదు. సప్లై సరిపోతుందా అని అడిగారు, సరిపోతుందని చెప్పారు. డబ్బు తీసుకుని బిగించారు, సగం బిగించి వెళ్లారు, పిలిస్తే రాలేదు. కార్డు మంచిదైనా చెడ్డదైనా ఈ నాలుగూ మారవు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఫిర్యాదులో 450 వాట్ల మీదే మొత్తం బరువు పెట్టకండి. వాట్లు తక్కువైతే మామూలుగా కంప్యూటర్ ఆన్ అయి, బరువైన పని పెట్టినప్పుడు ఆగిపోతుంది, అసలు తెరే రాకపోవడానికి అదొక్కటే కారణమని చెబితే అవతలి లాయర్ మిమ్మల్ని అక్కడే పట్టుకుంటాడు. కార్డు పెట్టె మీద కనీసం ఎన్ని వాట్ల సప్లై కావాలో, ఎన్ని పవర్ కనెక్టర్లు కావాలో రాసి ఉంటుంది. ఆ రెండు లైన్లు ఫొటో తీసి, పక్కన వాళ్ల 'సరిపోతుంది' అన్న మెసేజ్ పెడితే చాలు.

ఇప్పుడు మిమ్మల్ని గట్టిగా అనక తప్పని విషయం. 21 నెలలు ఎలా కూర్చున్నారండీ? మూడేళ్ల వారంటీకీ కేసు వేసే గడువుకీ సంబంధం లేదు. వారంటీ అనేది కంపెనీ మీకిచ్చిన మాట. కేసుకి గడువు చట్టం పెట్టింది, సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసు వేయడానికి దారితీసిన సంఘటన, పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. మీ విషయంలో అది అతను సగం బిగించి వెళ్లిన రోజే పుట్టింది. వచ్చే వారం, వచ్చే నెల అంటూ వాళ్లు పెట్టిన మెసేజ్‌ల వల్ల గడియారం ఆగదు, ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచినంత మాత్రాన గడువు పెరగదని కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నాయి. 'మేమెవర్నీ పంపలేదు' అని ఇప్పుడన్నారు కాబట్టి ఇప్పటి నుంచి లెక్క అని వాదించొచ్చు, కానీ మూడు నెలలు చేతిలో ఉండగా ఆ వాదన మీద ఆధారపడటం తెలివితక్కువ. గడువు దాటాక ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేసుకోవచ్చు, తగిన కారణం ఉందని కమిషన్‌కి అనిపిస్తేనే ఒప్పుకుంటుంది, ఆ కారణాన్ని రాతలో నమోదు చేస్తుంది. వాళ్లు తిప్పించుకున్నారు కాబట్టి ఆగాను అంటే ప్రతిసారీ చెల్లదు.

ఇక ఆ రిటర్న్ సలహా. వద్దు. ఆ ఆలోచన ఇచ్చినాయన మీకు మేలు చేయడం లేదు. కార్డు మీద సీరియల్ నంబరుంటుంది, పెట్టె మీదా ఉంటుంది, అమ్మినవాళ్ల రికార్డులోనూ ఉండొచ్చు. మీరు వెనక్కి పంపిన కార్డు నంబరు మీరే పాత బిల్లుతో కొన్నదని తేలడానికి ఎంతో సేపు పట్టదు. మోసం చేసి ఆస్తి రాబట్టుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. ఈ రోజు మీరు బాధితులు, ఆ పార్సిల్ కట్టిన రోజు ముద్దాయి అవుతారు, మీ అసలు కేసు కూడా అక్కడితో చచ్చిపోతుంది. పైగా మీకు ఏ అపకారం చేయని మూడో మనిషి నెత్తిన ఆ నష్టం రుద్దుతారు. ఆ పని చేస్తానంటే నా దగ్గరికే కాదు, ఏ లాయర్ దగ్గరికీ వెళ్లకండి.

స్నేహితుడి సంగతి దాచొద్దు. దాస్తే బాగుంటుందని మీకనిపిస్తుంది, మీ సందేహంలో కూడా దాన్ని ఒక ముక్కలో చెప్పి దాటేశారు. అదే అవతలివాళ్ల ప్రధాన ఆయుధం. పవర్ సప్లై తీగలు కార్డు వైపు చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, సప్లై వైపు మాత్రం పిన్నుల అమరిక కంపెనీకో రకంగా, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కో రకంగా ఉంటుంది. ప్లగ్ చక్కగా దిగుతుంది, లోపల 12 వోల్టులు వెళ్లకూడని చోటికి వెళ్తాయి. ఫ్యాన్లు కూడా తిరగలేదన్నారు కదా, సప్లై తనంతట తాను ఆగిపోయి ఉండొచ్చు, లేదా కార్డు పోయి ఉండొచ్చు. ఏదైనా సరే మీ ఫిర్యాదులో మీరే రాయండి: ఫలానా రోజు సగం బిగించి వెళ్లారు, మూడు రోజులు పిలిచినా రాలేదు, తర్వాత స్నేహితుడు ఇలా ప్రయత్నించాడు, ఫలితం ఇది. మీరే చెబితే అది జరిగింది చెప్పడం అవుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో వాళ్లు లాగితే మీరు దాచిన నిజం అవుతుంది, అప్పుడు ఖాళీ సాకెట్ ఫొటోని కూడా ఎవరూ నమ్మరు. నిజాయితీగా చెప్తున్నాను, ఈ తీగ వల్ల కార్డు పూర్తి ధర రాకపోవచ్చు. బిగింపు చార్జీ, నష్టపరిహారం, ఖర్చులు మాత్రం గట్టిగా అడగొచ్చు. కార్డు ధర కూడా అడగండి, ఇవ్వాలా వద్దా అన్నది కమిషన్ చూసుకుంటుంది.

వాళ్లు ఇంకేం అంటారో కూడా ముందే ఊహించి అఫిడవిట్‌లో జవాబు పెట్టండి. మానిటర్ తీగ కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి పెట్టి ఉంటారు అంటారు. కార్డు స్లాటులో క్లిప్పు పడేదాకా దిగలేదు అంటారు. పాత బోర్డు, బయోస్ (బోర్డుని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయలేదు, లెగసీ అనే పాత పద్ధతిలో ఉంది, కొత్త కార్డులు యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతి అడుగుతాయి అంటారు. వీటిలో కొన్ని నిజంగానే కారణాలు కావచ్చు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఇవన్నీ డబ్బు తీసుకుని బిగించినవాడు చూసుకోవాల్సిన పనులే. వాళ్లు ఎన్ని కారణాలు చెబితే మీ సేవా లోపం అంత బలపడుతుంది. పాత కార్డుతో అదే కంప్యూటర్ ఇప్పటికీ ఆన్ అవుతోందన్న విషయం తారీఖు కనిపించేలా వీడియో తీసి ఉంచుకోండి. కొత్త కార్డుని మాత్రం ఇక ఎవరి కంప్యూటర్‌లోనూ పెట్టి చూడకండి.

'మేమెవర్నీ పంపలేదు' అన్నదానికి రుజువులు వెతుక్కోవాలి. 'అబ్బాయిని పంపుతున్నాం' అని దుకాణం నంబరు నుంచి మీకొచ్చిన మెసేజ్ చాట్‌లో ఉంది, నేను చూశాను. అదే సాయంత్రం యూపీఐ వెళ్లింది. యాప్ స్క్రీన్‌షాట్ చాలదు, ఆ లావాదేవీ రిఫరెన్స్ నంబరుతో బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. ఫొటో వాట్సాప్‌లో పంపితే దాని అసలు వివరాలు చాలావరకు పోతాయి, కాబట్టి ఫోన్ గ్యాలరీలో ఉన్న ఒరిజినల్‌ని కదపకండి, ఎడిట్ చేయకండి, దానిమీద ఎర్ర గుండ్రాలు గీయకండి. కేసు తేలేదాకా ఆ ఫోన్ అమ్మకండి, మార్చకండి. వీటికి భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ రికార్డులకి ఇచ్చే సర్టిఫికెట్ జత చేయాలి. కమిషన్లు సాక్ష్య నిబంధనల్ని మరీ పట్టుబట్టి చూడవు, అయినా జత చేస్తే వాళ్లకి ఒక అభ్యంతరం తగ్గుతుంది.

ఈ వారమే చేయాల్సినవి చెప్తాను. ముందు కార్డు రెండు వైపులా, సీరియల్ స్టిక్కరు, రెండు సాకెట్ల లోపలి పిన్నులు మంచి వెలుతురులో ఫొటోలు తీయండి. తర్వాత దుకాణానికి కాదు, కార్డు తయారుచేసిన కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కి బిల్లుతో తీసుకెళ్లి జాబ్ షీట్ రాయించుకోండి. వారంటీ కింద మార్చి ఇస్తే తీసుకోండి, మీకు ముందు పని జరగాలి, అప్పుడు దుకాణం మీద మిగతా పరిహారానికే కేసు. మార్చి ఇవ్వం అంటే కారణం రాతలో అడగండి, నోటి మాట తీసుకుని రావద్దు. అదే వారంలో దుకాణానికి 15 రోజుల గడువుతో నోటీసు పంపండి, అందినట్టు రుజువు ఉండేలా. నోటీసు ఇచ్చి తీరాలని చట్టంలో లేదు, కానీ వాళ్ల జవాబు వస్తే మీకు ఇంకో సాక్ష్యం. సర్వీస్ సెంటర్ ఆలస్యం చేసినా, నోటీసుకి జవాబు రాకపోయినా, నెల దాటనివ్వకండి, ఫిర్యాదు వేసేయండి. మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, వాళ్ల ఊరికి పోనక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. రాజీకి ప్రయత్నించాలనుకుంటే 1915 హెల్ప్‌లైన్ ఉంది, అయితే అక్కడ ఫిర్యాదు చేసినంత మాత్రాన రెండేళ్ల లెక్క ఆగదు.

ఎడిటింగ్ వ్యాపారం కదా, మీరు వినియోగదారు కాదు అనే అభ్యంతరం తప్పకుండా వస్తుంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నానని, పనివాళ్లెవరూ లేరని ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి, చట్టం అలాంటివాళ్లని వినియోగదారుగానే చూస్తుంది. బిల్లు మీ పేరు మీదే ఉంది, జీఎస్టీ నంబరు వేయించుకోలేదు, మంచిదైంది. పోయిన పనులకి పరిహారం అడగాలంటే ఆ కస్టమర్ల మెసేజ్‌లు, వాపసు చేసిన అడ్వాన్సుల వివరాలు పెట్టండి. కాగితం లేని నష్టానికి పెద్ద అంకె వేస్తే మిగతా నిజాల విలువ కూడా తగ్గుతుంది.

నోటీసు అందగానే దుకాణం నుంచి ఫోన్ రావచ్చు, కార్డు తెచ్చివ్వండి మార్చేస్తాం అని. మాటల్లో ఒప్పుకోకండి, మెసేజ్ పెట్టమనండి. పాత కార్డు వాళ్ల చేతికిచ్చే ముందు రసీదు తీసుకోండి. కొత్తది మీ కంప్యూటర్‌లో రెండు సాకెట్లూ నిండా బిగించి, తెర వచ్చి, ఒక వీడియో పూర్తిగా రెండర్ అయ్యేదాకా 'ఇక ఎలాంటి క్లెయిమ్ లేదు' అన్న కాగితం మీద సంతకం పెట్టకండి.