వెన్నుపాము గాయం తర్వాత తమ్ముడు మాట్లాడటం మానేశాడు: సమాధానం

మీ తమ్ముడిది బద్ధకం కాదు, డిప్రెషన్ అయి ఉండొచ్చు. గాయమై 4 నెలలైంది, ఫిజియోథెరపీ వద్దంటున్నాడు, గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు అని రాశారు కదా.

1. నీరసం, నిద్రలేమి చూసి మాత్రమే డిప్రెషన్ అని తేల్చకండి. నరాల నొప్పి, మూత్రంలో ఇన్ఫెక్షన్, కండరాల బిగుతుకిచ్చే మందుల మగత కూడా మనిషిని ఇలాగే చేస్తాయి. డాక్టరుకి చెప్పండి. మందులు సొంతంగా ఆపొద్దు.

2. 2 వారాలుగా దేనిమీదా ఆసక్తి లేకుండా దిగులుగా ఉంటే సైకియాట్రిస్టుకి చూపించండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: అతన్ని అడగడం. నాకూ వెన్నుపాముకి గాయమైన కొత్తలో ఇంట్లోవాళ్లు ఎంతో ప్రేమగా చూశారు. కానీ నీళ్ల బాటిల్ ఎక్కడ పెట్టాలో, తలుపు వేయాలో తీయాలో కూడా వాళ్లే నిర్ణయించేవారు. కాళ్లు కదలకపోవడం కంటే అదే నన్ను ఎక్కువ కుంగదీసింది. స్నానం ఎప్పుడు, ఎవరు చేయించాలి, చూడటానికి ఎవరు రావొచ్చు, ఇవన్నీ అతనే చెప్పాలి. వద్దంటే ఆ పూటకి ఆగండి. పుండ్లు పడకుండా పక్క మార్చడం మాత్రం మానొద్దు.

4. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.