మోచెయ్యి జేబు వైపు రావాలి

వ్యాయామం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉంటాను. రోజంతా ల్యాప్‌టాప్ ముందే. వీపు బలపడుతుందని రెండు నెలలుగా 10 కిలోల డంబెల్‌తో ఒంటిచేతి రో (ముందుకు వంగి, కిందికి వేలాడే బరువును పైకి లాగడం) చేస్తున్నాను. బెంచీ లేదు, మంచం మీదే మోకాలు, చెయ్యి ఆనిస్తాను. జబ్బలు లాగేస్తున్నాయి గానీ వీపులో ఏమీ తెలియడం లేదు. తప్పెక్కడ సార్?
– ఓ పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి అనుమానం రెండింటి మీద. ఒకటి మంచం, రెండోది డంబెల్ వచ్చే దారి.

పీజీ పరుపుల్లో మోకాలు దిగబడిపోతుంది. ఆ వైపు తుంటి కిందికి జారి నడుము మెలి తిరుగుతుంది. పరుపు పక్కకు మడిచి, కింది చెక్క మీద అరచెయ్యి ఆనించండి. మోకాలు అసలు పెట్టొద్దు. పాదాలు రెండూ నేల మీదే, కాస్త ఎడంగా. మోకాళ్ళు కొద్దిగా వంచి, పిరుదులు వెనక్కి నెట్టి ముందుకు వంగండి. వీపు మీద పప్పు గిన్నె పెట్టినా ఒలకనంత సమంగా ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దు, టైల్స్ మీద జారుతుంది.

ఇక అసలు సంగతి. జిమ్‌లో లాట్స్ అని పిలిచే వీపు పెద్ద కండ నడుము దగ్గర మొదలై, చంక కిందుగా వచ్చి జబ్బ ఎముక పైభాగాన్ని పట్టుకుంటుంది. జబ్బను వెనక్కి, ఒంటివైపు లాగడం దాని పని. డంబెల్‌ను తిన్నగా ఛాతీకి ఎత్తితే మోచెయ్యి బాగా ముడుచుకుంటుంది. ముడిచేది జబ్బ ముందు కండ, కాబట్టి ముందు అలిసేదీ అదే. డంబెల్ కాస్త వెనక్కి వంపు తిరుగుతూ నడుము పక్కకు, ప్యాంటు జేబు వైపు రావాలి. మోచెయ్యి డొక్కను రాసుకుంటూ పోవాలి. ముంజెయ్యి మొదటి నుంచి చివరి దాకా నిలువుగా వేలాడాలి. పిడికిలి వట్టి కొక్కెం అనుకోండి.

ఆ కండ ఎక్కడుందో ఇప్పుడే చూసుకోవచ్చు. గోడకు వీపు ఆనించి నిలబడి, ఎడమ చేతి వేళ్ళు కుడి చంక కింద, వెనక అంచున పెట్టండి. కుడి మోచేత్తో గోడను వెనక్కి నొక్కండి. వేళ్ళ కింద గట్టిపడేదే అది. డంబెల్ పైకి వచ్చినప్పుడూ అక్కడే బిగుతు తెలియాలి.

పైన ఒక్క క్షణం ఆపి, రెండు మూడు సెకన్లు తీసుకుని దించండి. కింద చెయ్యి పూర్తిగా చాచి, భుజాన్నీ కాస్త సాగనివ్వాలి. చాలామంది సగంలోనే మళ్ళీ ఎత్తేస్తారు. బావిలో నీళ్ళు చేదినట్టు ఒళ్ళంతా తిప్పి గుంజుతున్నారంటే బరువు ఎక్కువైనట్టే. రెండు వారాలు 5 కిలోలకు దిగండి, ఎవరూ చూసి నవ్వరు. ఒక్కో చేతికి 10–12 సార్లు, మూడు సెట్లు, సెట్ల మధ్య నిమిషం, నిమిషంన్నర విరామం. బలం తక్కువున్న చేత్తో మొదలుపెట్టి, రెండో చేత్తోనూ అన్నిసార్లే చేయండి. వారానికి రెండు రోజులు చాలు. అన్నట్టు, కింది గదివాళ్ళు ఓనరు దాకా వెళ్ళకముందే డంబెల్ దించే చోట పాత డోర్‌మ్యాట్ మడిచి వేయండి.

ప్రశ్న: నాకు 54 ఏళ్ళు, మల్లేశ్వరంలో ఉంటాం. వంగి రెండు చేతులతో రో చేస్తే నడుము పట్టేస్తోంది. మానేయనా?
– ఓ గృహిణి

జవాబు: రో మానక్కర్లేదమ్మా, ఊతం లేకుండా వంగడం మానండి. రెండు చేతుల్లోనూ బరువు ఉన్నప్పుడు ఒంటినంతా నడుమే మోస్తుంది, వీపు కన్నా ముందు అదే అలిసిపోతుంది. భోజనాల బల్ల అంచున ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో రెండు లీటర్ల నీళ్ళ సీసా లాగండి; అది దాదాపు రెండు కిలోలు. జిమ్‌కు వెళ్తే ఏటవాలు బెంచీ మీద బోర్లా పడుకుని చేయొచ్చు. లాగేటప్పుడు ఊపిరి వదలండి, బిగబట్టొద్దు. నొప్పి కాల్లోకి పాకినా, తిమ్మిరి ఉన్నా ముందు డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ జిమ్‌లో 5 కిలోల డంబెల్ తర్వాత నేరుగా 10 కిలోలదే. ఐదు తేలిక, పది లేవదు. ఎలా?
– ఓ పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: 5 కిలోలతోనే 20 సార్ల దాకా పెంచండి, దించడానికి నాలుగు సెకన్లు తీసుకోండి. అది కుదిరాక 10 కిలోలతో ఐదారుసార్లు ప్రయత్నించండి. ప్లేట్లు మార్చుకునే డంబెల్ కొనుక్కుంటే ఇంకా మేలు: రెండు వైపులా 1.25 కిలోల ప్లేటు ఒక్కోటి వేస్తే 2.5 కిలోలే పెరుగుతుంది. ప్రతి సెట్టుకూ ముందు నట్లు రెండూ బిగించి చూసుకోండి; ప్లేటు ఊడితే పడేది మీ పాదం మీదే.