షాపులో పాట ఎవరి కోసం?
పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మాది బట్టల షాపు. కింద రెడీమేడ్, పైన చీరలు. మా అబ్బాయి షట్టరు తీసింది మొదలు మాస్ పాటలు మోగిస్తున్నాడు. జోరు పాట ఉంటే జనం జోరుగా కొంటారని వాడి వాదన. మెల్లటి పాటలే అమ్మకం పెంచుతాయని నేనెక్కడో చదివాను. ఎవరిది నిజం?
- వస్త్ర వ్యాపారి, తణుకు

జవాబు: మీరు చదివింది రొనాల్డ్ మిల్లిమన్ 1982లో ప్రచురించిన అధ్యయనం గురించి అయ్యుంటుంది. అమెరికాలో ఒక సూపర్ మార్కెట్‌లో కొన్ని రోజులు నిమిషానికి 72 బీట్లకు మించని పాటలు, కొన్ని రోజులు 94కు తగ్గని పాటలు పెట్టి చూశారు. షాపులో రెండు గుర్తుల మధ్య దూరం నడవడానికి వేగం పాటల రోజుల్లో మనుషులకు సగటున 109 సెకన్లు పట్టింది, మెల్లటి పాటల రోజుల్లో 128. వేగం పాటల రోజులతో పోలిస్తే మెల్లటి పాటల రోజుల్లో అమ్మకం 38 శాతం ఎక్కువ.

ఈ 38 శాతాన్ని పట్టుకుని సౌండ్ సిస్టమ్‌లు అమ్మేవాళ్లు చాలా మాటలు చెబుతారు. అక్కడ జరిగిందేమిటో చూడండి. బండి తోసుకుంటూ అరల మధ్య నడిచేవాళ్లు కాస్త నెమ్మదించారు, నెమ్మదించినందుకు ఇంకో నాలుగు వస్తువులు కంటపడ్డాయి, చెయ్యి చాపితే అందాయి. మీ కింది అంతస్తు దాదాపు అలాంటిదే. హ్యాంగర్లు తిప్పుకుంటూ ఎవరికి కావలసింది వాళ్లే చూసుకుంటారు. అక్కడ మామూలు రోజుల్లో మీ మాటే నెగ్గుతుంది. పండగ ముందు పది రోజులు మాత్రం మీ అబ్బాయి మాట వినండి. ట్రయల్ రూము ముందు క్యూ ఉన్నప్పుడు జనం ఎంత త్వరగా కదిలితే అంత లాభం.

పైన చీరల సంగతి వేరు. అక్కడ కొనడానికి వచ్చినావిడ నడవదు, కూర్చుంటుంది. వేగం సేల్స్‌మ్యాన్ చేతిలో ఉంటుంది, పాట చేతిలో కాదు. ‘ఇదే డిజైన్‌లో ఆకుపచ్చ ఉందా? బ్లౌజు పీసు ఎంత వస్తుంది?’ అని ఆవిడ మామూలు గొంతుతో అడిగితే అతనికి వినబడాలి, పక్కనున్న అత్తగారితో గుసగుసగా ధర చర్చించుకోగలగాలి. ఆ రెండూ కుదరకపోతే ఏ రాగమైనా నష్టమే. పైన బీట్లు లెక్కపెట్టడం మానేసి వాల్యూమ్ తగ్గించండి, మాటలు లేని వాద్య సంగీతం పెట్టండి.

బీట్లు లెక్కించడానికి యంత్రం అక్కర్లేదు. పాటకు సహజంగా చప్పట్లు పడే చోట 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. యాప్‌లు కొన్నిసార్లు 70 పాటను 140గా చూపిస్తాయి. అక్కడ చెవినే నమ్మండి.

మీ షాపులో నిజంగా తేడా వస్తోందా అన్నది ఎనిమిది వారాల్లో తేల్చుకోవచ్చు. ఈ వారం సోమవారం మెల్లటివి, మంగళవారం వేగంవి. వచ్చే వారం తిరగేయండి. బుధ, గురువారాలకూ అంతే. శని, ఆదివారాలు, పండగ రోజులు, గట్టి ముహూర్తాలున్న వారాలు లెక్కలోంచి తీసేయండి. జీతాలు పడే మొదటి వారం అమ్మకాన్ని చివరి వారంతో పోల్చకండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి రెండే అంకెలు రాసుకోండి: బిల్లులు ఎన్ని, సగటు బిల్లు ఎంత. పాట మార్చగలిగేది రెండోదాన్నే. వీధిలోంచి జనాన్ని లోపలికి లాక్కొచ్చే శక్తి షాపు లోపల మోగే పాటకు పెద్దగా లేదు. ఫలానా రోజు ఫలానా పాటలెందుకో కౌంటర్‌లో కుర్రాళ్లకు చెప్పకండి. చెబితే వాళ్లు తెలియకుండానే ఒక పక్షం వహిస్తారు.

ప్రశ్న: మా సూపర్ మార్కెట్ 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు, ఫాల్స్ సీలింగ్ 10 అడుగుల ఎత్తు. బిల్లింగ్ దగ్గర రెండు పెద్ద బాక్సులు పెట్టాం. అక్కడ చెవులు గింగురుమంటున్నాయి, వెనక బియ్యం బస్తాల దగ్గర ఏమీ వినబడదు. ఇంకా పెద్ద యాంప్లిఫయర్ కొనమంటున్నారు. కొనాలా?
- ఖమ్మం

జవాబు: కొనకండి. ఇంకా పెద్దది పెడితే బియ్యం దగ్గర కొంచెం వినబడుతుంది, బిల్లింగ్ పిల్లలు ఉద్యోగం మానేస్తారు. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే. పెద్దవి రెండు గట్టిగా మోగించే బదులు చిన్నవి ఎక్కువ పెట్టి మెల్లగా మోగించాలి.

నిలబడిన మనిషి చెవి నేల నుంచి సుమారు 5 అడుగుల ఎత్తున ఉంటుంది. సీలింగ్ 10 అడుగులు కనుక మధ్యలో మిగిలేది 5. తొంభై డిగ్రీల కోణంలో శబ్దం చల్లే మామూలు సీలింగ్ స్పీకర్ చెవి ఎత్తున 10 అడుగుల వ్యాసం గల వృత్తాన్ని కప్పుతుంది. మీ కొలతకు నాలుగు చొప్పున రెండు వరసలు, మొత్తం ఎనిమిది స్పీకర్లు సరిపోతాయి. పొడవునా 10 అడుగుల ఎడం, వరసల మధ్య 12 అడుగులు.

100 వోల్ట్ లైన్ రకం (ఒకే లైన్ మీద చాలా స్పీకర్లు కలపడానికి వీలైనవి), 6 వాట్లవి తీసుకోండి. వాటి వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దానికి 1.5, 3, 6 వాట్ల ట్యాపులు, అంటే స్పీకర్ ఎంత పవర్ తీసుకోవాలో ఎంచుకునే కొసలు, ఉంటాయి. అన్నిటినీ 3 దగ్గర కలిపి, బిల్లింగ్‌కు దగ్గరగా ఉన్న రెంటిని 1.5 దగ్గర కలపండి. మొత్తం 21 వాట్లు. పాతిక శాతం అదనంగా ఉంచుకున్నా 40 వాట్ల మిక్సర్ యాంప్లిఫయర్ ధారాళంగా చాలు. అన్ని స్పీకర్లకూ ప్లస్, మైనస్ ఒకే తీరున ఇవ్వాలి. ఒకటి తిరగబడితే దానికీ పక్కదానికీ మధ్య నిలబడినప్పుడు పాట పల్చబడి, బేస్ మాయమవుతుంది. ‘స్పీకర్ పాడైంది’ అని మార్పించే కేసుల్లో కొన్ని నిజానికి ఈ తిరగబడ్డ తీగలే.

ఇంట్లో మిగిలిన 8 ఓమ్‌ల స్పీకర్‌ను ఈ లైన్‌కు తగిలించకండి, కాలిపోతుంది. 8 ఓమ్‌లవే ఎనిమిది తెచ్చి మామూలు యాంప్లిఫయర్‌కు సమాంతరంగా కలిపినా లోడు ఒక ఓమ్‌కు పడిపోయి, కాలిపోయేది ఈసారి యాంప్లిఫయర్. స్టీరియో కూడా వద్దు, మోనోలో పెట్టండి. లేకపోతే పప్పుల వైపు వయొలిన్, సబ్బుల వైపు గొంతు వినబడుతుంది.

ఇక వాల్యూమ్. ముందు పాట ఆపి, ఏసీ, ఫ్రిజ్‌ల మోత ఎంతుందో ఫోన్ యాప్‌తో చూసుకోండి. యాప్ కచ్చితమైన కొలత కాకపోయినా ఒకే ఫోన్‌తో పోల్చుకోవడానికి పనికొస్తుంది. మోత 58 డెసిబెల్స్ ఉంటే పాట పెట్టాక 62 దగ్గర ఆగండి. మూడడుగుల దూరంలో మామూలు మాట 60 ప్రాంతంలో ఉంటుంది. పాట 70 దాటితే అందరూ గొంతు పెంచుతారు, ఆ గోలలో పాట వినబడట్లేదని ఎవరో నాబ్ తిప్పుతారు, దానిమీద మళ్లీ గొంతులు లేస్తాయి. సాయంత్రం ఆరు తర్వాత చాలా షాపుల్లో జరిగేది ఇదే. నాబ్ మీద ఒక గీత గీసి, దాన్ని దాటొద్దని చెప్పండి.

పాట వచ్చే ఫోన్ విడిగా ఉండాలి. సిమ్ తీసేసి నోటిఫికేషన్లు ఆపిన పాత ఫోన్ చాలు. యజమాని ఫోన్‌కే బ్లూటూత్ కలిపితే ఆయన వాట్సాప్ వాయిస్ మెసేజ్ నూనె ప్యాకెట్ల దగ్గర నిలబడ్డవాళ్లందరూ వింటారు.

తీసేసిన బాక్సులను గుమ్మం బయట పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం వాణిజ్య ప్రాంతంలో పగటి పరిమితి 65 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 55. మీ శబ్దం మీ స్థలం హద్దు దగ్గర దాన్ని 5కు మించి దాటకూడదు. బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్‌కు ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి.

ప్రశ్న: మాది బిర్యానీ హోటల్, బార్ లేదు. శని, ఆదివారాల్లో బయట జనం నిలబడి ఉంటారు. మెల్లటి సంగీతం పెడితే బిల్లు పెరుగుతుందని ఇంటీరియర్ చేసినాయన చెప్పారు.
- హైదరాబాద్

జవాబు: ఆయన చెప్పిందానికి ఆధారం ఉంది, మీకు మాత్రం పనికిరాదు. అదే మిల్లిమన్ 1986లో ప్రచురించిన ఒక రెస్టారెంట్ అధ్యయనంలో మెల్లటి సంగీతం ఉన్నప్పుడు జనం టేబుల్ దగ్గర 56 నిమిషాలు కూర్చున్నారు, వేగం సంగీతానికి 45. మెల్లటి సంగీతంతో బార్ బిల్లు 21.62 డాలర్ల నుంచి 30.47 డాలర్లకు పెరిగింది. భోజనం బిల్లు మాత్రం రెండు సందర్భాల్లోనూ 55 డాలర్లే, పైన కొన్ని సెంట్లు అటూ ఇటూ. అదనంగా కూర్చున్న పదకొండు నిమిషాల్లో తాగారు తప్ప ఇంకో ప్లేటు తినలేదు.

మీ దగ్గర బార్ లేదు. రాత్రి ఏడు నుంచి పదకొండు వరకు 240 నిమిషాలు అనుకుంటే 45 చొప్పున ఒక్కో టేబుల్ ఐదుసార్లు నిండుతుంది, 56 చొప్పున నాలుగే. టేబుల్‌కు ఒక బిల్లు పోతుంది, బయట నిలబడ్డవాళ్లలో కొందరు పక్క హోటల్‌కు పోతారు. శని, ఆదివారాల్లో పాట వేగం పెంచండి, వాల్యూమ్ పెంచకండి. మంగళవారం మధ్యాహ్నం హాలు సగం ఖాళీగా ఉన్నప్పుడు మెల్లటివి పెట్టుకోవచ్చు. జనం కాసేపు కూర్చుంటే కనీసం ఆప్రికాట్ డిలైట్, టీ అడిగే అవకాశం ఉంటుంది. అవి మెనూలో ఉంటేనే సుమా.

ప్రశ్న: మా పొద్దుటి టిఫిన్ సెంటర్‌లో అన్నమయ్య కీర్తనలు, భక్తి పాటలే పెడతాం. వాటికీ లైసెన్సు కావాలని ఒకాయన వచ్చి రసీదు చించబోయాడు. నెలనెలా యాప్‌కు డబ్బు కడుతూనే ఉన్నాం.
- విజయవాడ

జవాబు: యాప్‌కు కట్టేది మీరు ఇంట్లో వినడానికి. స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ షరతుల్లో అది వ్యక్తిగత వాడకానికేనని స్పష్టంగా ఉంటుంది.

ఒక పాటలో హక్కులు రెండు పొరలు. సాహిత్యం, బాణీ ఒకటి, రికార్డింగ్ ఇంకొకటి. మొదటిదానికి మన దేశంలో పాటల రచయితలు, స్వరకర్తల సంస్థ ఐపీఆర్ఎస్ తన సభ్యుల తరఫున వసూలు చేస్తుంది, రెండోదానికి మ్యూజిక్ కంపెనీల తరఫున పీపీఎల్ లాంటి సంస్థలు, లేదా ఆ కంపెనీలే నేరుగా. ఒకదానికి కడితే రెండోది తీరదు. అన్నమయ్య సాహిత్యం 15వ శతాబ్దిది కనుక దానిమీద ఎవరికీ హక్కు లేదు. అయితే ఇవాళ మనం వినే బాణీలు చాలావరకు 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కట్టినవి. పాడినవారి రికార్డింగ్ మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు ఉంటుంది. అంటే 1964లోగా విడుదలైన రికార్డింగుకు ఆ హక్కు 2024తో తీరిపోయింది. అందులోని బాణీ హక్కు మాత్రం ఉండొచ్చు. అది కట్టినవారు పోయిన తర్వాత 60 ఏళ్లు నడుస్తుంది. పెళ్లికి, మతపరమైన వేడుకకు చట్టంలో మినహాయింపు ఉంది కానీ రోజూ ఇడ్లీ అమ్మే చోటికి అది వర్తించదు.

వచ్చినాయనకు అక్కడికక్కడ నగదు ఇవ్వకండి. ఏ సంస్థ తరఫున వచ్చారో చూపే అధికార పత్రం, ఏయే కంపెనీల పాటలు తమ కింద ఉన్నాయో జాబితా, రేటు పట్టిక, మీ హోటల్ పేరున జీఎస్టీ బిల్లు అడగండి. కట్టేది బ్యాంకు ద్వారానే. ఆ జాబితాలో మీరు పెట్టే పాటలే లేకపోతే ఆ లైసెన్సు మీకెందుకు?

ఖర్చు వద్దనుకుంటే తేలికైన దారి ఇంకోటుంది. ఊళ్లో వీణో, వేణువో వాయించే కళాకారులతో త్యాగరాజ కీర్తనలు గంటన్నర రికార్డు చేయించుకుని, తగిన పారితోషికం ఇచ్చి, హోటల్‌లో వినిపించే హక్కు కాగితం మీద రాయించుకోండి. త్యాగరాజస్వామి సాహిత్యమూ సంగీతమూ రెండూ ఆయనవే, 1847లోనే సిద్ధి పొందారు కనుక చిక్కు లేదు.

ప్రశ్న: నేను ఏమీ గమనించకుండానే సంగీతం నాతో కొనిపిస్తుందా?
- గృహిణి, విశాఖపట్నం

జవాబు: ఏది కొనాలో ముందే తేల్చుకుని వెళ్లినప్పుడు పెద్దగా కాదు. రెండు సమానంగా కనబడినప్పుడు కొంత అవును. ఇంగ్లండ్‌లో ఏడ్రియన్ నార్త్ బృందం ఒక సూపర్ మార్కెట్‌లో ఫ్రెంచి, జర్మన్ వైన్లను పక్కపక్కన పేర్చి, ఒక రోజు ఫ్రెంచి సంగీతం, ఒక రోజు జర్మన్ సంగీతం పెట్టింది. 1997లో ఫలితం వెలువడింది. ఫ్రెంచి సంగీతం ఉన్నప్పుడు ఫ్రెంచి సీసాలు 40, జర్మన్‌వి 8. జర్మన్ సంగీతానికి జర్మన్‌వి 22, ఫ్రెంచివి 12. సంగీతం తమ మీద పనిచేసిందని ఒప్పుకున్నవాళ్లు 44 మందిలో ఆరుగురే. మొత్తం 82 సీసాల లెక్క ఇది. దీన్నిబట్టి సన్నాయి పెడితే పట్టుచీరలు అమ్ముడవుతాయని ఎవరైనా ఘంటాపథంగా చెబితే నమ్మనక్కర్లేదు. చీటీ రాసుకుని వెళ్లండి, చాలు.

ప్రశ్న: చీరల షోరూమ్‌లో పనిచేస్తాను. పది గంటలూ అవే ఇరవై పాటలు. తలనొప్పి వస్తోంది. మేనేజర్ గారికి చెబితే గిరాకీలకు నచ్చుతున్నాయి కదా అంటారు.
- సేల్స్‌గర్ల్, వరంగల్

జవాబు: ఆయనకు ఈ లెక్క చూపించండి. పాట నాలుగున్నర నిమిషాలనుకుంటే ఇరవై పాటలు గంటన్నర. గిరాకీ షాపులో ఉండేది గంటో గంటన్నరో, ఆమెకు ప్రతి పాటా ఒక్కసారే. మీకు అదే పాట రోజుకు ఆరేడుసార్లు, నెలకు 26 పనిదినాలంటే 170 సార్లకు పైన. రోజులో పాట తిరిగి రాకూడదంటే కనీసం 134 పాటలు కావాలి. 200 పెట్టి వరస కలిపేసే ఆప్షన్ నొక్కితే ఖర్చేమీ పెరగదు, లైసెన్సు ఉన్న పాటలే అయితే.

ఇంకోటి అడగండి: మధ్యమధ్య నిశ్శబ్దం. 1934లో మొదలైన మ్యూజాక్ అనే అమెరికా కంపెనీ ఆఫీసులకు, ఫ్యాక్టరీలకు సంగీతం సరఫరా చేసిన రోజుల్లో పావుగంట పాటలు, పావుగంట మౌనం చొప్పున ఇచ్చేది. బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ 2016లో షాపుల్లో సంగీతాన్నే తీసేసింది. మీ షోరూమ్‌లో పొద్దున తెరిచాక మొదటి గంట, మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా జనం పల్చగా ఉంటారు. ఆ రెండు గంటలూ పాట ఆపమని అడగండి. ఒక నెల అమ్మకం లెక్క చూసి తర్వాత నిర్ణయించుకోమనండి. ఈలోగా మీరు నిలబడే కౌంటర్‌కు సరిగ్గా నెత్తిమీద స్పీకర్ ఉందేమో చూసుకోండి. ఉంటే దాని ట్యాప్ ఒక మెట్టు తగ్గించడం ఎలక్ట్రీషియన్‌కు పది నిమిషాల పని.